మద్రాసు రాజధాని పేరు మోసిన బాంబు విమానదళము

బిడ్డకు పేరు పెట్టునపుడు మనమెంత ఆలోచింతుము! తాతగారి పేరు పెట్టుదమా, ఇలవేల్పు పేరు పెట్టుదమా, జన్మనక్షత్రమున కే యక్షరము వచ్చును అని ఇంటిల్లపాదియు కూర్చుండి తర్కింతురు. ఆ పేరుతో ఆ బిడ్డ రేపు మంచి చేసినను చెడు చేసినను అందులో ఇంటివారికి కొంత పాలు వచ్చునను తలపే ఈ శ్రద్ధకు మూలము. అట్టి మనకు, మనలో నెవ్వరిని అడుగకయే, మన దేశభాగము పేరును ఒక యుద్ధ విమానదళమునకు పెట్టిరి. అదియే 35వ నంబరు మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రను. రెండవ ప్రపంచ సంగ్రామమున భారమైన బాంబులను మోసికొనిపోయి, రాత్రివేళ శత్రునగరములపై వేసిన ఆంగ్లేయ దళములలో నది యొకటి.

ఈ కాలపు బాలికలకు ఒక మాట విడమరచి చెప్పవలసియున్నది. ప్రెసిడెన్సీ అను మాటను నాటి మనవారు రాజధాని యని తెలిగించిరి. అది నగరము పేరు కాదు. విశాఖపట్టణము మొదలు తిరునల్వేలి, మలబారు వరకు వ్యాపించిన రాష్ట్రము పేరు. బెజవాడ, బందరు, గుడివాడ, తెనాలి, రేపల్లె యన్నియు అందులోనివే. కావున ఆ విమానములు జర్మనీమీదికి ఎగిరిన ప్రతి రాత్రియు, కృష్ణా డెల్టాలోని పంటచేలకును, కాలువగట్ల పల్లెలకును, ఆ పల్లెలలో సంధ్యాదీపము పెట్టిన స్త్రీలకును చెందిన పేరే వానితోగూడ ఎగిరినది. ఆడువారికి బాంబు విమానములతో నేమి పని యని యెవరైన అడుగవచ్చును. బాంబులు పడునది ఇండ్లమీద. ఇంటి సంగతి ఆడువారిది కాకపోదు గదా! అందుచేతనే సోదరీమణుల కీ చరిత్రమును చెప్పబూనితిని.

పేరు వచ్చిన విధము

ఈ దళము 1916 ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లండులోని థెట్‌ఫర్డు అను ఊర పుట్టినది. మొదటి ప్రపంచ సంగ్రామమున ఆశ్విక సైన్యమునకు తోడుగా ఆకాశమున తిరిగి, శత్రువుల జాడ తెలిసికొని చెప్పుట దాని పనులలో నొకటి. ఆ జ్ఞాపకార్థమే రెక్కలుగల గుఱ్ఱపుతల దానికి చిహ్నమైనది. ఆ చిహ్నము క్రింద, ఏకమనస్కులమై పనిచేయుదుము అను నర్థమిచ్చు లాటిను వాక్యము కలదు.

ఏకమనస్సు మాట యెట్లున్నను, మనదేశమున నాడది లేదు. 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు, ప్రజల ప్రతినిధులను సంప్రదింపకయే, భారతదేశము యుద్ధమున ప్రవేశించినదని ప్రకటించెను. దానికి నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు పదవులను వదలుకొన్నవి. మద్రాసున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఆ సంవత్సరము అక్టోబరులోనే రాజీనామా యిచ్చినది. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధానమంత్రి యగువరకు ఈ రాష్ట్రమును గవర్నరే తన సలహాదారులతో పాలించెను. ఆ కాలముననే గవర్నరు పేరిట యుద్ధనిధి వెలసినది. ధనమును పంపిన రాష్ట్రముల పేళ్లు విమానదళములకు పెట్టుట నాటి ఆచారము.

స్పిట్‌ఫైరు అను చిన్న యుద్ధవిమానమునకు చందాదారులకొఱకు నిర్ణయించిన వెల 5,000 పౌనులు. నాటి మారకము ప్రకారము అది సుమారు 66,000 రూపాయలు. ఈ నిధులకు జమీందారులును, వర్తకులును, ఉద్యోగులును చందాలిచ్చిరి. అందులో మనసార ఇచ్చినదెంత, అధికారి ముఖము చూచి ఇచ్చినదెంత యని విడదీయుట యెవరితరము? ఇచ్చినవారి మనసు లెట్లున్నను రసీదుమీద పడినది రాష్ట్రము పేరే.

మద్రాసు ప్రెసిడెన్సీ పేరు ఈ దళమునకే గాక 79, 234, 264 నంబరుల దళములకును ఇచ్చిరి. అవి శత్రువిమానములతో ఆకాశమున పోరాడునవి. నైజాము ప్రభువిచ్చిన ధనమునకు గుర్తుగా 110, 152, 253 నంబరుల దళములు హైదరాబాదు పేరు ధరించినవి. మన కృష్ణానది పేరును సైతము నావికాబలమువారు విడువలేదు. 1943లో కిస్ట్నా అను యుద్ధనౌక సముద్రమున దిగినది. స్వాతంత్ర్యము వచ్చినపిదప అదియే కృష్ణ యను పేర 1981 వరకు భారత నౌకాదళమున సేవచేసినది. ఇన్ని పేళ్లలో భారమైన బాంబులు మోయు పెనువిమానములకు మన రాష్ట్రము పేరు వచ్చినది మాత్రము 35వ దళమునందే.

హాలిఫాక్సు విమానములు

1940 నవంబరులో ఈ దళమును మరల నిలిపి, హాలిఫాక్సు అను క్రొత్త విమానములను దానికి ఇచ్చిరి. ఆ విమానములను మొట్టమొదట అందుకొన్న దళమిదే. అనతికాలములోనే ఇది యార్కుషైరులోని లింటను విమానస్థావరమునకు చేరినది. హాలిఫాక్సునకు నాలుగు యంత్రములు. ఈ రెక్కకొననుండి ఆ రెక్కకొనకు దాదాపు 100 అడుగులు. అందు సామాన్యముగా ఏడుగురుందురు. విమానము నడుపువాడొకడు, దారి లెక్కగట్టువాడొకడు, యంత్రములను కనిపెట్టువాడొకడు, తంతిలేని వార్తలు పంపువాడొకడు, బాంబులు విడుచువాడొకడు, ఫిరంగులయొద్ద ఇరువురు. వారిలో అనేకులు ఇరువదియేండ్లు దాటి దాటని పిల్లవాండ్రు. ఆ యెత్తున చలికి చేతివ్రేళ్లు కొయ్యబారును. ఊపిరికి గొట్టముద్వారా ప్రాణవాయువు నందుకొనవలెను. అట్లు ఏడెనిమిది గంటలు చీకటిలో పోయి, చీకటిలో మరలి రావలెను.

1941 మార్చి 10వ తేదీ రాత్రి హాలిఫాక్సులు తొలిసారి యుద్ధమునకు వెడలినవి. ఫ్రాన్సుతీరమున జర్మనుల చేతిలోనున్న లెహావ్రు రేవు వాని గురి. ఆరు విమానములు పోయినవి. తిరిగివచ్చుచుండగా నొకదానిని ఇంగ్లండు గడ్డమీదనే ఆంగ్లేయుల రాత్రివిమానము శత్రువనుకొని కాల్చివేసినది. అందలి యిరువురు మాత్రము బ్రతికి బయటపడిరి. క్రొత్తవిమానము రూపురేఖలను స్వంతవారు సైతము ఎఱుగకుండుటవలన జరిగిన చేటిది. చీకటి యుద్ధమున మొదటి రాత్రియే తనవారిచేత తనవారు చచ్చిరన్నమాట.

ఆ సంవత్సరము జులై 24వ తేదీన ఈ దళమును 76వ దళమును కలసి 15 హాలిఫాక్సులతో పట్టపగలు లాపాలీసు రేవులోని షార్న్‌హార్స్ట్ అను జర్మను యుద్ధనౌకను ముట్టడించినవి. ఓడకు అయిదు బాంబులు తగిలినవి. విమానములు అయిదు కూలినవి. మిగిలినవాటిలో దెబ్బతినని దొక్కటియు లేదు. పగటివేళ పెనువిమానములకు రక్షణ లేదని ఆ దినమున మరల ఋజువైనది. కావుననే వారి యుద్ధము రాత్రియుద్ధమైనది.

1942 ఏప్రిలు

1942 ఏప్రిలు మాసము మన తీరమువారు మరువరానిది. మార్చిలో రంగూను జపానీయుల వశమైనది. పొట్టకూటికై బర్మాకు పోయిన తెలుగువారు వేలకొలది అడవిదారులవెంట నడచి వచ్చిరి. దారిలో రాలినవారు రాలిరి. ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. చెన్నపట్టణము సగము ఖాళీయైనది. తీరమువెంట ఊళ్లలో దీపములకు తెరలు కట్టుకొని జనులు బిక్కుబిక్కుమనుచు కూర్చుండిరి. నేడు మనము హైదరాబాదుకో ఢిల్లీకో విమానమెక్కు గన్నవరము సైతము ఆ సంగ్రామకాలమున సైనికస్థావరమే. ఆకాశమునుండి చావు దిగివచ్చునను సంగతి, అంతవరకు పురాణములలో వినుటయే గాని, మన ఇండ్లవారికి అనుభవమునకు వచ్చినది అప్పుడే.

ఆ మాసాంతముననే, భూగోళమున కావలికొనలో, మన రాష్ట్రము పేరుగల విమానములు నార్వేదేశమునకు పయనమైనవి. అచ్చట కొండలనడుమ సముద్రపుపాయలో టిర్పిట్స్ అను జర్మనుల మహానౌక దాగియుండెను. ఏప్రిలు 27వ తేదీ రాత్రి హాలిఫాక్సులును లాంకాస్టరులును దానిపై దాడి వెడలినవి. దానిని తాకుటకు విమానములు నీటికి చేరువగా దిగి, ఫిరంగుల నోటియెదుట పోవలసివచ్చెను. నౌకకేమియు కాలేదు. 35వ దళపు హాలిఫాక్సు ఒకటి గుండుదెబ్బలకు మంటలంటుకొనగా, గడ్డకట్టిన హోక్లింగెన్ అను సరస్సుమీద పొట్టతో దిగినది. అందలివారందఱు ప్రాణములతో బయటపడిరి. ఒకని చీలమండ విరుగుటచేత అతడు నడువలేక జర్మనులకు చిక్కెను. తక్కినవారు మంచుకొండలు దాటి స్వీడనుదేశము చేరిరి. విమానము కొంతసేపటికి మంచుపలక కరగి సరస్సులో మునిగినది.

31 సంవత్సరములు అది ఆ చన్నీటిలోనే పడియుండెను. 1973లో దానిని పైకి దీసి ఇంగ్లండునకు గొనిపోయిరి. నేడు లండనులోని వైమానికబలపు వస్తుప్రదర్శనశాలలో ఆ విమానము నీటనుండి తీసినది తీసినట్లే, విరిగినది విరిగినట్లే యుంచబడినది. దానిని తుడిచి, రంగువేసి, కొత్తదానివలె నిలుపకుండుట మంచిపనియే. యుద్ధమునుండి వచ్చిన వస్తువు యుద్ధమునుండి వచ్చినట్లే కనబడవలెను.

దారి చూపువారు

ఆ సంవత్సరముననే ఆగస్టు 12వ తేదీన తెనాలిలో క్విట్టిండియా నినాదములు చేయుచు వచ్చిన జనులపై పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. రణరంగచౌకున వారి స్మారకము నేటికిని కలదు. సరిగా మూడు దినములకు, ఆగస్టు 15వ తేదీన, ఇంగ్లండులో 35వ దళము గ్రేవ్లీ యను స్థావరమునకు మారి, ఎన్నికచేసిన కొలదిదళములలో నొకటిగా మార్గదర్శక సైన్యమున చేరినది. తమకు స్వరాజ్యము కావలెనని కేకవేసిన తెనాలివారిపై గుండ్లు ప్రేల్చిన ప్రభుత్వమును, తెనాలివారి రాష్ట్రము పేరును రెక్కలపై గౌరవచిహ్నముగా మోసిన ప్రభుత్వమును ఒక్కటే. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి ఆ గౌరవము విలువ యెంతయో తేటపడును.

మార్గదర్శకుల పని యేమనగా, తక్కిన విమానములకంటె ముందుగా పోయి, గురిచోటును వెదకి, దానిపై వెలుగు గుర్తులు జారవిడుచుట. ఎఱ్ఱనివి, పచ్చనివి, పసుపువన్నెవి, దీపావళినాటి మతాబులవలె అవి ఆకాశమునుండి గుంపులుగా జారును. వెనుకవచ్చు వందలకొలది విమానములు ఆ వెలుగులనే గురిచేసి బాంబులు వేయును. ఈ సైన్యమునకు నాయకుడు డొనాల్డు బెన్నెట్టు అను ఆస్ట్రేలియా దేశీయుడు. ఆయనయు టిర్పిట్స్ దాడిరాత్రి విమానము కూలగా నడచి స్వీడను చేరినవాడే.

ఆగస్టు 18వ తేదీ రాత్రి వారి తొలి ప్రయత్నము. ఫ్లెన్స్‌బర్గు పట్టణము గురి. గాలికి విమానములు దారితప్పినవి. బాంబులు సరిహద్దు దాటి, జర్మనుల చేతిలో నలుగుచున్న డెన్మార్కు ఊళ్లమీద పడినవి. దారి చూపువారే దారి తప్పినచో వెనుకవారి గతి యేమి? తరువాత పనిముట్లు మెఱుగుపడినవి. మేఘముల క్రిందనున్న నేలను తెరమీద చూపు రాడారు యంత్రమును 7వ దళమును 35వ దళమును 1943 జనవరి 30వ తేదీ రాత్రి హాంబర్గు నగరముపై తొలుత ప్రయోగించినవి. అప్పటినుండి చీకటియు మబ్బును ఏ నగరమునకును మరుగుకాజాలకపోయినవి.

సౌప్తికము

మహాభారతమున సౌప్తికపర్వము చదివినవారి కీ యుద్ధము క్రొత్తది గాదు. పగటి యుద్ధమున ఓడిన అశ్వత్థామ, చెట్టుమీద నిదురించు కాకులను గుడ్లగూబ రాత్రివేళ చంపుటను చూచి, అదియే ఉపాయమని తలచి, పాండవుల శిబిరమున నిద్రపోవువారిని తెగటార్చెను. కృపాచార్యుడు కూడదని వారించినను వినలేదు. ఆ పర్వము వెనువెంటనే వచ్చునది స్త్రీపర్వము. తిక్కనగారి తెలుగులో ఆ రెండింటిని ఒకదానివెంట నొకటి చదివినవారికి, మొదటిదాని ఫలము రెండవదియే యని వేఱుగా చెప్పనక్కరలేదు.

1943 జులై చివరవారమున హాంబర్గుపై జరిగిన దాడులలో 35వ దళము మార్గదర్శకపు పని చేసినది. జులై 27వ తేదీ రాత్రి వేలకొలది చిన్నమంటలు ఒక్కటై అగ్నితుపానుగా లేచినవి. వేడిగాలి పైకిలేచు వేగమునకు చుట్టుప్రక్కలగాలి సుడిగాలివలె లోనికి పరుగెత్తి, మనుష్యులను చెట్లను మంటలోనికి లాగినది. నేలమాళిగలలో దాగినవారు మంట తాకకయే ఊపిరాడక పోయిరి. ఆ వారములో చచ్చినవారు సుమారు 40,000 మంది. యువకులందఱు రణరంగములలో నుండిరి గనుక వీరిలో మిక్కిలి భాగము స్త్రీలు, పిల్లలు, వృద్ధులు.

ఇంత చెప్పుటచేత హిట్లరు పక్షమువారు నిర్దోషులని నా యభిప్రాయము కాదు. లండను నగరమును రాత్రింబవళ్లు కాల్చినవారు వారే. కోవెంట్రీ పట్టణమును 1940 నవంబరున బూడిదచేసినవారు వారే. అరువది లక్షల యూదులను, చంకబిడ్డలతో సహా, చంపినవారు వారే. అట్టి దుర్మార్గము నోడింపవలసియుండెననుటలో సందేహము లేదు. పాండవుల పక్షము ధర్మపక్షమే యనుటలో మాత్రము సందేహము కలదా? ఐనను గాంధారి రణభూమిని చూచి ఏడ్చునప్పుడు తన కొడుకులకొఱకు మాత్రమే యేడ్వలేదు; అభిమన్యుని శవముచెంత నున్న ఉత్తరను చూచి కూడ ఏడ్చెను. గెలిచినవారి శవములును ఓడినవారి శవములును ఆడుదాని కంటికొక్కటే.

నేలమీద వేచియున్న స్త్రీలు

విమానముల నెక్కినవారి కష్టమును తక్కువ చేయరాదు. ఆంగ్లేయుల బాంబుదళములందు విమానములెక్కిన వారు దాదాపు 1,25,000 మంది. వారిలో 55,573 మంది చనిపోయిరి. అనగా పదుగురిలో నలువురికి పైగా తిరిగి ఇల్లు చేరలేదు. సాధారణ దళములవారు 30 మారులు పోయివచ్చినచో విశ్రాంతి దొరకును. మార్గదర్శకులు 45 మారులు పోవలెను. ప్రతి మారును తల్లి గుండె ఒకమారు ఆగునది.

ఈ దళములకు వెనుకనుండి పనిచేసినవారిలో స్త్రీలు పెక్కుమంది. పారాషూటుగొడుగులను మడచి కట్టుట, వార్తలు పంపుట, సైనికులను బండ్లలో విమానములయొద్దకు చేర్చుట, తిరిగివచ్చువారికి దారి చెప్పుట వారి పనులు. గొడుగు మడతలో పొరపాటు వచ్చినచో ఒకని ప్రాణము పోవును. విసుగులేని స్త్రీహస్తము విలువ అక్కడ తెలిసినది. కర్మాగారములలో విమానముల రేకులు కూర్చినవారిలో స్త్రీల సంఖ్య మిక్కిలి హెచ్చు. కర్మాగారమునుండి స్థావరములకు విమానములను నడిపికొనిపోయిన సహాయకసంఘమున 11 మంది స్త్రీలు నాలుగు యంత్రముల పెనువిమానములను నడుపుటకు అర్హత పొందిరి. లెటిస్ కర్టిస్ అను నామె వారిలో నగ్రగణ్య. ఏడుగురు పురుషులతో యుద్ధమునకేగు హాలిఫాక్సును యుద్ధము లేనిచోట ఆమె నడిపినది.

వచ్చువారికొఱకు వేచియుండు రాత్రులలో పొగమంచు మఱియొక శత్రువు. పుష్యమాసపు తెల్లవారుజామున మన కాలువగట్లపై ఎదుటిమనిషి కనబడడు గదా! ఇంగ్లండున ఆ మంచు దినములకొలది విడువదు. దిగుచోటు కనరాక విమానములు ఇంటిముంగిటనే కూలుచుండెను. దీనికొక ఉపాయము పన్నిరి. విమానములు దిగు బాటకు ఇరుప్రక్కల గొట్టములు పరచి, వానినుండి పెట్రోలును వెలిగించిరి. ఆ వేడికి మంచు విచ్చి, వెలుతురు కోనవలె దారి యేర్పడినది. 1943 నవంబరు 19వ తేదీన యుద్ధమునుండి మరలివచ్చిన 35వ దళపు హాలిఫాక్సులే గ్రేవ్లీలో ఈ మంటలనడుమ మొట్టమొదట దిగినవి. ఊళ్లను తగులబెట్టి వచ్చినవారిని ఇల్లు చేర్చినదియు నిప్పే.

ఈ దళపు నాయకుడైన రాబిన్సను కథ యొకటి తప్పక చెప్పదగినది. 1942 నవంబరున ఇటలీలోని టురిను నగరమునుండి మరలుచుండగా, విమానపు పొట్టలో చిక్కుకొన్న వెలుగుగుండు అంటుకొన్నది. ఆయన తనవారినందఱిని గొడుగులతో దుమికిపొమ్మని ఆజ్ఞాపించి, కడపట తాను దుముకబోవునంతలో మంట తనంత తానారినది. ఏడుగురు నడుపవలసిన ఆ పెనువిమానమును ఆయన యొక్కడే ఆల్పుస్ కొండలనుండి ఇంగ్లండువరకు నడిపికొని వచ్చెను. తనవారిని ముందు పంపి తాను చివర నిలిచినవానిని దైవము నాడు కాచినది. మఱుసటి సంవత్సరము ఆగస్టులో బెర్లినుపై పోయి ఆయన మరలిరాలేదు.

చెషైరుగారి మార్గము

1941లో ఈ దళమున హాలిఫాక్సు నడిపినవారిలో లియొనార్డు చెషైరు ఒకరు. 1917లో పుట్టినవాడు. ఆయన తమ్ముడును హాలిఫాక్సు నడుపుచు కూలి జర్మనులకు ఖైదీయైనాడు. చెషైరు 35వ దళమునుండి 76వ దళమునకును, పిదప 617వ దళమునకును నాయకుడై, నూఱుమారులు శత్రుదేశముపై ఎగిరి, 1944లో విక్టోరియా క్రాసు పొందెను. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకిపై అణుబాంబు పడుటను విమానమునుండి కన్నులార చూచిన ఇరువురు ఆంగ్లేయులలో నాయన యొకడు.

యుద్ధానంతరము ఆయనకు తోడునీడ లేని ఒక రోగి తారసపడెను. పుట్టకురుపుతో చావునకు సిద్ధముగానున్న యా రోగి పూర్వము వైమానికబలమున పనిచేసినవాడు. ఆదుకొనువారు లేరు. చెషైరు 1948లో వానిని తన యింటికి తెచ్చి, స్వయముగా వంటచేసి, పక్క మార్చి, కడవరకు సేవచేసెను. ఆ యొక్కని వెనుక మఱియొకరు వచ్చిరి. ఆ యిల్లే క్రమముగా నయముకాని రోగులకును వికలాంగులకును ఆశ్రయమైనది. అట్టి ఇండ్లు లోకమంతట వెలసినవి. 1950ల నడుమ ఆయన మనదేశమునకు వచ్చి బొంబాయిలో చెషైరు గృహమును స్థాపించెను. 1959లో బొంబాయిలోనే స్యూ రైడరు అను సేవాపరాయణను పెండ్లాడెను. యుద్ధమున ఇల్లువాకిలి పోయినవారికి ఆమె అప్పటికే సేవచేయుచుండెను. ఆ యేడే ఇరువురును డెహ్రాడూనులో రాఫెల్ అను ఆశ్రమమును నెలకొల్పిరి. ఆయన 1992లో పరమపదించెను.

సుందరకాండమున హనుమంతుడు లంకను కాల్చిన తరువాత, ఈ మంటలో సీతమ్మయు కాలెనేమో, కోపమున కన్నుగానక యేమి చేసితినని తన్ను తాను నిందించుకొనును. చెషైరుగా రట్లు పశ్చాత్తాపపడిరని నేననను. ఆ యుద్ధము తప్పనిసరి యనియే ఆయన కడవరకు నమ్మెను. కాని నిప్పు వేసిన చేతులే రోగికి గంజి త్రాపుటకు పూనుకొన్నవి. మన రాష్ట్రము పేరుగల దళమునుండి మనదేశమునకు తిరిగివచ్చిన మంచి యేదైన నున్నచో అది యిదియే.

పేరు మిగిల్చిన పని

1944లో 35వ దళమునకు హాలిఫాక్సులకు మారుగా లాంకాస్టరులు వచ్చినవి. యుద్ధము ముగిసిన మఱుసటి యేడు అవి అమెరికాదేశమున తిరిగి జనుల మెప్పు పొందినవి. కడపట ఈ దళము అణుబాంబులను మోయుటకు నిర్మించిన వల్కను విమానములను నడిపి 1982లో రద్దయినది. ఆనాటికి మద్రాసు రాజధాని యను రాష్ట్రమే లేదు. 1950లో ఆ పేరు పోయినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేఱైనది. 1957లో బెజవాడ ఆనకట్ట తావున ప్రకాశంగారి పేర బారేజి నిలిచినది. ఒకే కాలమున ఒక పేరు బాంబులతో ఎగిరినది, ఒక పేరు కాలువలకు నీరు విడిచినది. ఏ పేరును మన పిల్లలకు గర్వముతో చెప్పుదుమో వేఱుగా వ్రాయనేల?

ఐనను మొదటిదానిని మరువరాదు. మనలను అడుగక మన పేరు వాడుకొన్నారని ఊరకుండిన చాలదు. ఆ పేరుతో ఏమి జరిగినదో తెలిసికొనుట మన విధి. నేడు మనకు ఓటు కలదు, చదువు కలదు. మన పేరిట దేశము ఆయుధములు కొనునప్పుడు, అవి యెవరి ఇండ్లపై పడునని అడుగు హక్కు మన తల్లులకు లేకుండెను గాని మనకు కలదు.

సోదరీమణుల కొక్క మనవి. 1942 ఏప్రిలు నాటి భయమును పిల్లలుగా చూచిన పెద్దలు మన యిండ్లలో ఇంకను అక్కడక్కడ కలరు. దీపములకు తెరలు కట్టిన రాత్రులు, తీరమునుండి బండ్లమీద వచ్చిన బంధువులు, రంగూనునుండి నడచివచ్చిన మేనమామలు, బియ్యముకొఱకు పడిన పాట్లు, వారి జ్ఞాపకమందుండవచ్చును. మధ్యాహ్నము పనియైన పిమ్మట వారిచెంత కూర్చుండి ఒక్కొక్క సంగతియు అడిగి, ఇంటి పద్దుపుస్తకమున చివరి పుటలలోనైనను వ్రాసియుంచుడు. దళముల చరిత్రమును వ్రాయుటకు ప్రభుత్వములు కలవు. ఇండ్ల చరిత్రమును మనము వ్రాయనిచో వ్రాయువారు లేరు.